ఐదు కాళ్ళ జింక

మా ఊళ్ళో జింకకి ఐదు కాళ్ళు. ఈ మాట చోడవరం దాటి ఎక్కడ చెప్పినా నవ్వుతారు. చోడవరంలో చెబితే మాత్రం డెబ్భై దాటిన ఆడవాళ్ళెవరూ నవ్వరు, "అవును, మధ్యలోది" అని ఊరుకుంటారు. పోయిన నెల మా అత్తని చూడ్డానికి ఊరెళ్ళాను. అత్తంటే మా నాన్న చెల్లెలు, పేరు నూకరత్నం. కళ్ళలో శుక్లాలు తీయించుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, వరండాలో కుర్చీ వేయించుకుని దర్జాగా కూర్చుని ఉంది. అత్త మనవరాలు, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న హారిక, పక్కనే కూర్చుని ఫోన్లో ఏదో పాత నలుపు తెలుపు సినిమా పెట్టుకుని, మాటిమాటికీ ఆపి, రెండు వేళ్ళతో బొమ్మని సాగదీసి చూస్తోంది. ఏం చూస్తున్నావే అంటే, హీరోయిన్‌ని కాదట, హీరోయిన్ వెనకాల ఉన్న గోడనట. సినిమాల్లో గోడల మీద వేలాడే పటాలు ఎవరు గీసినవో, ఎక్కడి నుంచి వచ్చినవో కనిపెట్టి ఒకరికొకరు రాసుకునే వాళ్ళు బోలెడుమంది ఉన్నారట. ఇదో కొత్త సరదా అని గొప్పగా చెప్పింది. నేనూ అత్తా మొహాలు చూసుకున్నాం. ఈ విద్యలో చోడవరం ఆడవాళ్ళు యాభై ఏళ్ళ కిందటే ఆరితేరిపోయారు. అదీ బొమ్మని ఆపడానికి వీల్లేని రోజుల్లో, రెండు తుమ్ములు తుమ్మేలోపల గోడ మాయమైపోయే రోజుల్లో.

అప్పటి మా ఇల్లు తల్చుకుంటే ముందు ముక్కుకే గుర్తొస్తుంది. చెరుకు రోజుల్లో ఊరు ఊరంతా బెల్లం పాకం వాసన వేసేది, పొద్దున్నే తాగే చోడి అంబలికి కూడా ఆ వాసన పట్టేసేది. దాని మీద నాయనమ్మ చుట్ట వాసన. నాయనమ్మ అడ్డపొగ వేసేది, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. మాట్లాడాలంటే చుట్ట తియ్యాలి కాబట్టి ఇంట్లో ఏ గొడవొచ్చినా ఆవిడ తీర్పు చెప్పడానికి చాలాసేపు పట్టేది, ఆలోపల గొడవ పడ్డవాళ్ళే అలిసిపోయేవాళ్ళు. నాన్నది తాలూకాఫీసులో గుమాస్తా పని. ఆఫీసులో ఆయన మాట ఎలా చెల్లేదో తెలియదు కానీ, ఇంట్లో మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని బతికేవారు. అత్తకి పెళ్ళయింది కానీ కాపురం మా ఇంట్లోనే. సన్యాసిరావు మావయ్య మాడుగుల అవతల ఏజెన్సీలో అడవి శాఖ గుమాస్తా. అక్కడ మలేరియా అని అత్తని పంపించడానికి నాయనమ్మ ఒప్పుకోలేదు. మావయ్య ప్రతి శనివారం బస్సు దిగి, మాడుగుల హల్వా పొట్లం ఒకటి చేత్తో పట్టుకుని, దొంగలాగా నవ్వుతూ వచ్చేవాడు. ఆ నవ్వు ఆయనకి పుట్టుకతో వచ్చిందనే అందరం అనుకున్నాం.

ఇక జింక సంగతి. అనకాపల్లి నుంచి వారానికి రెండుసార్లు మెహరున్నీసా టీచరు అని ఒకావిడ బస్సులో వచ్చి మా వీధి ఆడపిల్లలకి కుట్లు అల్లికలు నేర్పేది. గొలుసు కుట్టు, కాడ కుట్టు, ముడి కుట్టు అన్నీ వచ్చాక ఆఖరి పరీక్షగా ఒక పెద్ద పటం కుట్టి, అద్దం కట్టించి, ముందు గదిలో వేలాడదీయాలి. ఇంటికొచ్చిన వాళ్ళు చెప్పులు విప్పుతూనే దాన్ని చూడాలి. "మా అమ్మాయి కుట్టిందండీ" అని ఇంట్లోవాళ్ళు అనకముందే వాళ్ళు అడగాలి. టీచరు దగ్గర పటానికి ఉన్న నమూనా కాయితం ఒకే ఒక్కటి. చెట్టు కింద నిలబడి ఎడమవైపుకి చూస్తున్న జింక. ఆవిడ ఎప్పుడో కార్బన్ పెట్టి దాన్ని దింపుకున్నప్పుడు కాయితం కొంచెం జారింది, ఒక కాలు రెండుసార్లు పడింది. ముందు రెండు, వెనక రెండు, మధ్యలో ఒకటి. ఇదేమిటి టీచర్ అని అడిగిన వాళ్ళకి ఆవిడ చాలా శాంతంగా, వెనకాల ఇంకో జింక ఉంది, మనకి కనబడదు, దాని కాలు అది అని చెప్పేదట. టీచరు మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి అందరూ ఐదు కాళ్ళూ కుట్టారు. కొందరు ఇంటికెళ్ళాక గుట్టుచప్పుడు కాకుండా మధ్య కాలు మీద ఆకుపచ్చ దారం వేసి చెరుకుగడగా మార్చేశారు. ఆ సంగతి ఒకరిది ఒకరికి తెలియదు. ఎవరి జింకకి వాళ్ళే సిగ్గుపడుతూ బతికారు. మా అత్త మాత్రం దాచలేదు. మూడు నెలలు కూర్చుని ఐదు కాళ్ళకీ గిట్టలతో సహా కుట్టి, ఐదూ కనబడేలాగా వెలుతురు పడే గోడకి పెట్టించింది.

ఆ పటాన్ని రోజూ తుడిచేది మా అమ్మ. అమ్మకి నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ, ఇంకో మూడు కాళ్ళు కుట్టి ఉంటే సాలీడు అయ్యేది అంది. అత్త ఆ మాట విని నవ్వినట్టే నవ్వి లోపల దాచుకుంది. ఆ తర్వాత ఉగాది ముందు ఇంటికి సున్నాలు వేశాం. సామానంతా పెరట్లో పెట్టి, మళ్ళీ లోపల సర్దేటప్పటికి అన్నీ ఉన్నాయి, జింక లేదు. సున్నాల పని చూసింది అమ్మ. సాలీడు అంది అమ్మ. ఇక సాక్ష్యం ఏం కావాలి? నువ్వే పారేశావని అత్త, నేను ముట్టుకోలేదని అమ్మ, ఒక పూటంతా అనుకున్నారు. నాయనమ్మ చుట్ట తీసేసరికి ఇద్దరూ మాటలు మానేసి ఉన్నారు.

ఆ మానడం రెండేళ్ళు మానేశారు. ఒకే వంటిల్లు, ఒకే రుబ్బురోలు, ఒకరు రుబ్బుతుంటే ఒకరు పప్పు తోసేవారు, మాట మాత్రం లేదు. నాకు అప్పుడు ఏడేళ్ళు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తంతి తపాలా రెండూ నేనే. అమ్మ పొయ్యి దగ్గర, అత్త రెండడుగుల దూరంలో కత్తిపీట దగ్గర కూర్చుని, వంకాయలు చాలా అని అమ్మని అడగమని అత్త నాకు చెప్పేది. అమ్మ ఆ మాట చెవులారా వినేది, అయినా నేను వచ్చి మళ్ళీ చెప్పేదాకా జవాబు ఇచ్చేది కాదు. నేను బడికెళ్ళిన పూట ఆ ఇంట్లో కూరల్లో ఉప్పు ఉండేది కాదు, లేకపోతే రెండుసార్లు పడేది. జ్వరమొచ్చి పడుకున్నా నా మంచం వంటింటి గుమ్మం దగ్గరకి లాగేవారు. ఇప్పుడు నవ్వొస్తోంది కానీ అప్పట్లో నాకు భయంగా ఉండేది. నాకు వాళ్ళిద్దరూ కావాలి. ఒకరి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే రెండో వాళ్ళు ఏమనుకుంటారో అని గడియారం చూసుకుని కూర్చునేదాన్ని. నాకు అర్థంకానిది ఇంకొకటి కూడా ఉంది. జింక పోయిన వారం నుంచి మావయ్య తెచ్చే హల్వా పొట్లం రెండింతలయింది. ఈ రెంటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తోచలేదు, హల్వా తినేవాళ్ళకి ఆలోచనలు రావు.

అలాంటి రోజుల్లో ఊళ్ళోకి ఆ సినిమా వచ్చింది. పక్కింటి చిట్టెమ్మ చూసొచ్చి, పెరటి గోడ మీంచి మా నాయనమ్మకి కథంతా చెప్పి, ఆఖర్న, హీరోయిన్ ఇంట్లో గోడకి అచ్చం మీ రత్నం జింకలాంటి జింక ఉంది పిన్నీ అంది. వంటింట్లో కత్తిపీట ఆగిపోయింది. గరిట కూడా ఆగిపోయింది. ఆదివారం మ్యాట్నీకి నాయనమ్మ, అమ్మ, అత్త, నేను బయల్దేరాం. నాన్న రాలేదు, ఆదివారం పేపరు పెద్దది.

హాల్లో ఆడవాళ్ళ బెంచీల్లో ఒక చివర అమ్మ, ఒక చివర అత్త, మధ్యలో నేను తపాలా పెట్టెలాగా. నా వెనకాల నాయనమ్మ. పొగ తాగరాదు అని రాసిన పలక కిందే కూర్చుని అడ్డపొగ వేస్తోంది, నిప్పు నోట్లో ఉంది కాబట్టి గేటు దగ్గర మనిషికి కనబడదు. సినిమా మొదలైంది. హీరోయిన్ తండ్రి బాగా డబ్బున్నవాడు, హీరో బీదవాడు, ఆ తర్వాత కథ నాకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే మా బెంచీలో కథ ఎవరూ చూడలేదు. అందరం గోడలే చూశాం. ఒక గోడకి గడియారం, ఒక గోడకి ఎవరో మీసాల తాత. సగం సినిమా అయ్యాక హీరోయిన్ ఏడ్చుకుంటూ ఒక గోడ దగ్గరకి పరిగెత్తింది. ఆవిడ తల పక్కన పటం. పటంలో జింక. ముందర బల్ల మీద పూలకూజా ఉంది, అది కొంచెం, ఆవిడ భుజం కొంచెం అడ్డం. ఆవిడ ఏడుస్తూ ఇటు కదిలితే జింక తల కనబడుతుంది, అటు కదిలితే కాళ్ళు కనబడతాయి. మా అత్త బెంచీ మీద నుంచి సగం లేచింది.

నేను తయారుగా ఉన్నాను. "మీ అమ్మకి సెప్పు" అని అత్త అనాలి, నేను అటు తిరిగి చెప్పాలి. అత్త నావైపు చూడలేదు. నా తల మీంచి వంగి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి అమ్మ మొహంలోకి చూసి అడిగింది.

"వదినా, అది మనదే కదూ?"

అమ్మ తెర వైపు చూసింది, అత్త వైపు చూసింది. "మనదే రత్నం" అంది.

నాకు ఏడుపొచ్చింది. తెర మీద హీరోయిన్ కూడా ఏడుస్తోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈలోపల అత్త, మధ్య కాలు సూడండి, ఐదో కాలు నాను కుట్టిందే అని బెంచీలన్నిటికీ వినబడేలాగా చెప్పేసింది. అంతే. ముందు బెంచీలోంచి ఒకావిడ, ఐదు కాళ్ళైతే అది మాది అంది. మూల నుంచి ఇంకొకావిడ, మాదీ ఐదే అంది. అప్పటిదాకా చెరుకుగడ కింద దాచుకున్న వాళ్ళంతా ఒక్కొక్కరే లేచి ఒప్పేసుకున్నారు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య అడ్డంగా కట్టిన గుడ్డకి ఇటువైపు ఇంత గొడవ జరుగుతుంటే మగవాళ్ళు అటునుంచి కేకలు వేశారు. హీరో వచ్చి హీరోయిన్ ఇంట్లో అదే గోడ ముందు కూర్చుని భోజనం చేస్తున్నాడు, అతని డైలాగు ఒక్కటీ ఎవరికీ వినబడలేదు.

ఆ వారం చోడవరంలో ఎవరి ఇంట్లో ఏం వండారో ఎవరికీ గుర్తుండి ఉండదు. ప్రతి ఇంటి నుంచీ పటాలు మా వరండాలోకి వచ్చాయి. గోడకి ఆనించి వరసగా పెడితే పదకొండు జింకలు, యాభై ఐదు కాళ్ళు. తమాషా ఏమిటంటే, పటం తెచ్చి చూపించిన ప్రతి మనిషీ పందెంలోంచి తప్పుకున్నట్టే. పటం ఇంట్లో ఉంటే సినిమాలో ఉన్నది వాళ్ళది ఎలా అవుతుంది? ఆ సంగతి పదకొండోది వచ్చాక గానీ ఎవరికీ తట్టలేదు. ఇంట్లోంచి పోయిన జింక ఒక్క మా అత్తదే. అందరూ ఒప్పుకోబోతుండగా చిట్టెమ్మ ఒక పుల్ల వేసింది. ఇవన్నీ ఎడమవైపుకి చూస్తున్నాయి, సినిమాలోది కుడివైపుకి చూస్తోంది కదా అంది. నాయనమ్మ చుట్ట తీసి, సింహాచలాన్ని పిలవమంది. సింహాచలం సినిమా హాల్లో మిషను ఆపరేటరు. అతను మడతకాజా తింటూ వచ్చి, పదకొండు జింకల ముందు నిలబడి, ఇంతేనా అన్నట్టు నవ్వి, మిషన్లో రీలు తలకిందులుగా పెడతామని, అందుకని కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుందని తేల్చేశాడు. అంత పెద్ద మిషను నడిపేవాడు చెప్పాక ఇంకేముంది. ఊరి జింక సినిమాకెక్కింది అని ఖాయమైపోయింది. ఆ బొమ్మ ఇంకో వారం ఆడింది. వడ్డాది నుంచి, కె.కోటపాడు నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చి గోడ చూసి వెళ్ళారు. అందరికీ ఐదు కాళ్ళూ స్పష్టంగా కనబడ్డాయి.

శనివారం మావయ్య వచ్చాడు. చెప్పులు విప్పకముందే అత్తా అమ్మా ఇద్దరూ ఒకేసారి, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ, జింక సినిమాలో ఉందని చెప్పారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారనే సంగతే ఆయనకి ముందు మింగుడు పడలేదు. తర్వాత జింక సంగతి బుర్రకెక్కింది. చేతిలో హల్వా పొట్లం అలాగే పట్టుకుని నోరు తెరిచాడు.

"అదెలాగ? అది సెదలు తినీసింది కదా" అన్నాడు.

నాన్న పేపరు కిందకి దించడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. మావయ్య నిలబడ్డ చోటే కూలబడి అంతా చెప్పేశాడు. రెండేళ్ళ కిందట, సరిగ్గా మా సున్నాలప్పుడు, పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడట. అడవి బంగళా గోడ మీద ఇంత పెద్ద చెమ్మ మరక. దాని మీదకి సరిగ్గా సరిపోయే పటం ఆయనకి తెలిసినది ఒక్కటే. పెరట్లో సామాన్ల మధ్యలోంచి తీసి కాయితాల్లో చుట్టుకుని పట్టుకుపోయాడు. ఒక్క వారంలో తిరిగి తెచ్చేద్దామనుకున్నాడు. వచ్చేసరికి ఇంట్లో యుద్ధం. చెబితే తన పని అయిపోతుందని చెప్పలేదు. చెమ్మ గోడకి చెదలు పట్టి ముందు కట్టు, తర్వాత గుడ్డ, ఆఖరికి ఐదు కాళ్ళూ తినేశాయి. అద్దం ఒక్కటే మిగిలితే తన బల్ల మీద పరుచుకున్నాడు. హల్వా పొట్లం ఎందుకు పెరిగిందో నాకు అప్పుడర్థమైంది. నేను ఆ మాట పైకి అనేసరికి అమ్మ ముందు నవ్వింది, అత్త కోపంగా ఉండాలని చూసి ఉండలేకపోయింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు, మావయ్యకి ఆ రోజు కాఫీ ఇచ్చినవాళ్ళు లేరు. చెదల సంగతి ఇంటి గడప దాటకూడదని నాయనమ్మ తీర్పు చెప్పింది. ఊరంతా అంత సంతోషంగా ఉంది, ఇప్పుడు చెబితే బాగుండదు. హల్వా పొట్లం మాత్రం తగ్గకూడదని అత్త తీర్పు చెప్పింది. అది మావయ్య రిటైరయ్యేదాకా తగ్గలేదు. నా తపాలా ఉద్యోగం ఆ వారంతో పోయింది. ఇంట్లో అందరూ నన్ను పిలవడం మానేసినట్టుగా ఉండి, కొన్నాళ్ళు తోచలేదు కూడా.

ఇదంతా ఇన్నేళ్ళూ నేను నలుగురిలో చెప్పి నవ్వించే కథ. చెదలు తినేసిన జింకని సినిమాలో గుర్తుపట్టిన మా అమ్మా అత్తా అని. పోయిన నెల వరండాలో హారికకి కూడా అలాగే చెప్పాను. దాని కళ్ళు మెరిశాయి. పేరు కూడా సరిగా తెలియని ఆ సినిమాని, కథ కొంత అత్తా కొంత నేనూ చెబుతుంటే, పావుగంటలో ఫోన్లోకి దింపింది. హీరోయిన్ ఏడ్చుకుంటూ గోడ దగ్గరకి పరిగెత్తింది. హారిక వేలు పెట్టింది. ఆగిపోయింది. ఊరు ఊరంతా రెండు వారాలు తల అటూ ఇటూ వంచి చూసినా అందని గోడ, కదలకుండా, అరచేతిలో. జింక కుడివైపుకే చూస్తోంది. కాళ్ళు లెక్కపెట్టాను. నాలుగు. ఐదోది పూలకూజాలోని పువ్వు కాడ. నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఈ ఆపడమనే సౌకర్యం అప్పుడుంటే మేం పదకొండు పటాలూ వరండాలో పెట్టే పనుండేది కాదు, రెండో వారం బొమ్మ ఆడేది కాదు, మావయ్య నోరు జారేవాడు కాదు. ఆపి చూడగలిగిన వాళ్ళకి నిజం తొందరగా తెలుస్తుంది, దానివల్ల లాభమేమిటో నాకు తెలియదు.

అత్తా, అంత పొరపాటు ఎలా పడ్డారే ఇద్దరూ అని నవ్వాను. అత్త నల్లకళ్ళద్దాలు పైకెత్తి, కొత్త కళ్ళతో ఫోను ఒకసారి చూసి, మళ్ళీ దించుకుంది.

"పొరపాటేటే గుంటా," అంది. "మూడు నెల్లు కుట్టేను, దాని మొహం ఎటుందో నాకు తెలీదేటి. తగువు మొదలెట్టింది నాను. రెండేళ్ళయిపోనాది, ఎలాగ ముగించాలో తెలవలేదు. ఎవులిదో జింక కనబడింది, అడిగీసేను."

మరి అమ్మ మనదే అంది కదా అన్నాను.

"రోజూ తుడిసింది మీ అమ్మ. దానికి తెలీదేటి? సింహాచలం మిషను సంగతి సెప్పెళ్ళిన మర్నాడు పప్పు రుబ్బుతూ నా సెవిలో సెప్పింది, ఆ హీరో కుడిసేత్తోనే అన్నం తిన్నాడు రత్నం, ఎవులి దగ్గరా అనీకు అని."

అంటే మావయ్య నోరు జారకముందే, ఊరంతా కాళ్ళు లెక్కపెట్టుకుంటుండగా, వాళ్ళిద్దరికీ అన్నీ తెలుసు. నా తల మీంచి ఒకరడిగారు, ఒకరు జవాబు చెప్పారు, మధ్యలో కూర్చున్న నాకు యాభై ఏళ్ళు తెలియలేదు. ఇంత మంచి తపాలా మనిషిని నేను. హారిక సినిమాని ముందుకి జరిపింది. హీరో భోజనానికి కూర్చున్నాడు. కుడిచేత్తోనే కలుపుకుని తింటున్నాడు, మిషను కుడిని ఎడమ చెయ్యలేదు. అత్త ఫోను దగ్గరగా లాక్కుని, అతను చెయ్యి కడుక్కునేదాకా చూసింది.

హారిక మళ్ళీ వెనక్కి తిప్పి, జింక దగ్గర ఆపి, ఫోటో తీసుకుంది. తన బృందం వాళ్ళకి పంపిస్తుందట. పటం ఎవరిదో కింద రాయాలట. ఏమని రాయను నాయనమ్మా, ఎవరిదో తెలియదు కదా అని అత్తని అడిగింది.

"మనదే అని రాయి" అంది అత్త.

హారిక నాలుగు కాళ్ళూ ఇంకోసారి లెక్కపెట్టుకుని నా మొహం చూసింది. రాయమన్నాను.